గడపలో పుట్టింటి రాయి

నమోదు 212. ఎండ మొదలు.
నమూనా: గడప ముక్క, మూడో వీధి. మా ఇల్లు.

ఈ గదికి రాళ్లు వస్తాయి. నేను వాటిని కోస్తాను, కాగితమంత పలచగా అరగదీస్తాను, కింద నుంచి వెలుతురు పెట్టి చూస్తాను. ఏది కొలిమికి పనికొస్తుందో, ఏది పారబోయాలో రాస్తాను. ఇదే నా ఉద్యోగం. ఇవాళ వచ్చిన ముక్కను కొలిమి మేస్త్రి రజాక్ అన్న స్వయంగా మోసుకొచ్చాడు. బల్ల మీద పెట్టి, తుడుచుకోవాల్సిన పని లేని చేతులను తుడుచుకున్నాడు. దీన్ని వేరేవాళ్లతో కోయించనా అని అడిగాడు. ఊరంతటికీ రాయి కోసేది నేనొక్కదాన్నే, ఎవరితో కోయిస్తావు అని అడిగాను. పెట్టి వెళ్లమన్నాను.

జరిగింది జరిగినట్టు రాయాలని నియమం కాబట్టి రాస్తున్నాను. పోయిన ఎండలో మూడో వీధి కప్పును గులకరాయంత ఉల్క కొట్టింది. వీధిలో గాలి పోయింది. గాలి పోగానే ఇళ్ల తలుపులు వాటంతటవే కిందికి పడతాయి. తలుపు అంచు గడప మీద కూర్చుని ఇంట్లో గాలిని ఇంట్లోనే ఆపుతుంది. వీధిలో అందరి గడపలూ ఆపాయి. మాది నిలువునా చీలింది. నా భర్త సాయిలు పని దిగి వచ్చి లోపల పడుకున్నాడు. నేను ఈ బల్ల దగ్గరే ఉన్నాను. మా పాప అఖిల బాలవాడిలో ఉంది. అత్తమ్మ పక్క వీధిలో ఎవరింట్లోనో కూర్చుని ముచ్చట పెడుతోంది.

నేను ఇంకా ఏడవలేదు. ఎప్పుడు ఏడుస్తానా అని అందరూ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను.

నమోదు 213. ఎండ మొదలు.
నమూనా: అదే.

కోశాను. రంపం కింద మామూలు రాయిలాగే తెగింది.

కొత్తగా ఈ గదికి వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఒక సంగతి రాస్తాను. భూమి మీద నిలబడి చూస్తే చందమామలో కనిపించే నల్లటి కుందేలు అంతా రాయే. బసాల్ట్ రాయి. ఎప్పుడో పెద్ద పెద్ద బండలు వచ్చి గుద్దితే ఇక్కడ పళ్లేల్లాంటి గుంటలు పడ్డాయి. ఆ తర్వాత లోతుల్లో రాయి కొంత కరిగి, పగుళ్ల వెంట పైకి ఊరి, ఆ గుంటలను నింపి గడ్డకట్టింది. మా ఊరు ఆ కుందేలు చెవిలో ఉంది. ఊరి పేరు కూడా చెవే. ఇక్కడ రెండు వారాలు ఎండ, రెండు వారాలు చీకటి. కొలిమిలో ఈ రాయిని కరిగించి గడపలు, దూలాలు, గోడలు పోసుకుంటాం. ఇందులో ఉన్న ఆక్సిజన్‌ను పిండి పీల్చుకుంటాం. ఇక్కడ రాయిలోనే ఉంటాం, రాయినే పీలుస్తాం. గుండె రాయి చేసుకోమ్మా అని ఓదార్చేవాళ్లకు ఈ సంగతి గుర్తున్నట్టు లేదు.

గడప ముక్కలో కంతలున్నాయి. ఆవగింజంతవి, పెసరగింజంతవి, అన్నీ గడప నడిమధ్య గుంపుగా చేరాయి. ఉండకూడదు. కరిగిన రాయిని గాలి లేని చోట చాలాసేపు నిలబెట్టి, లోపలి ఆవిరంతా వదిలాకే రజాక్ అన్న అచ్చులోకి పోస్తాడు. ఆయన పోతలో గుండుసూది మొనంత కంత కూడా నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకొకటి. కంతల అంచుల్లో ఎర్రటి మరక ఉంది. ఇక్కడి రాయిలో ఇనుము ఇనుముగానే, మెరిసే నలుసులుగా ఉంటుంది. అది ఎర్రబారిందంటే తుప్పు పట్టిందని అర్థం. చందమామ రాయి తుప్పు పట్టడం నేను చూడలేదు. మూడు వందల కోట్ల ఏళ్లకు పైబడిన రాయిని కోసినా నిన్న గడ్డకట్టినట్టు తేటగా ఉంటుంది. దానికి నీళ్లంటే ఏమిటో తెలియదు మరి.

నీళ్లు ఎక్కడివి? తెలియదు అని రాశాను.

నమోదు 216. నడిమి ఎండ.
నమూనా లేదు.

పని లేదు కాబట్టి ఇంటి సంగతి రాస్తున్నాను. ఎవరైనా అభ్యంతరం చెబితే కొట్టేస్తాను.

మా అత్తమ్మ పేరు మొగులమ్మ. జహీరాబాద్ వైపు రాళ్లు కొట్టే ఇంటి మనిషి. చెవి ఊరు కట్టడానికి వచ్చిన మొదటి జట్టులో తల్లి చేయి పట్టుకుని వచ్చింది. ఇక్కడ పుట్టిన వాళ్లం మేమంతా ఏదో ఒక భాష కలిపి మాట్లాడతాం, ఆమె మాత్రం వచ్చిన నాటి మాటనే మాట్లాడుతుంది. ఊళ్లో సగం మందితో ఆమెకు మాటల్లేవు. మిగతా సగం మందికి తల్లి లెక్క. రజాక్ అన్నకు చిన్నప్పుడు ఆమె చేత్తోనే అన్నం తినిపించింది.

సాయిలు పోయిన మూడో రోజున ఆమె పిట్టముట్టుడు చేస్తానంది, పోయినవాడి పేరున పెట్టిన అన్నాన్ని పిట్ట ముట్టాలని. ఇక్కడ పిట్టలు లేవు. అఖిల చేత కాగితం కాకిని చేయించి, దాని ముక్కును అన్నానికి తాకించింది. దానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. చెంబెడు నీళ్లు నేల మీద పోయాలన్నప్పుడు నీళ్ల తొట్టి కావలివాడు కుదరదన్నాడు. ఇక్కడ నీళ్లు ఏ ఒక్కరివీ కావు. మన ఊపిరిలో తడిని గోడలు పీల్చి తొట్టికి పంపుతాయి. మనిషి పోయినా అతని ఒంట్లో నీళ్లు తొట్టికే వెళ్లాలి. సాయిలువి కూడా వెళ్లాయి. పారబోయడం మాత్రం, ఎవరి పేరు మీదైనా సరే, నేరం.

“సచ్చినోనికి సుక్క నీళ్లియ్యని ఊరు, ఇదేం ఊరు బిడ్డా” అంది అత్తమ్మ. ఒక్కసారే అంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చెంబు మాత్రం ఇప్పటికీ తలగడ పక్కనే పెట్టుకుంటుంది.

ఆ మర్నాడు నేను చాయ్ తాగాను. తొట్టి నీళ్లతో పెట్టిన చాయ్. ఏమీ అనిపించలేదు.

నమోదు 219. నడిమి ఎండ.
నమూనా: గడప ముక్క, రజాక్ అన్న ఇల్లు.

పంచాయతీ ప్రతి ఇంటి గడపనూ పరీక్షించమంది. తలుపు దించి, లోపల గాలి ఎక్కించి, గడప పొడవునా పలచటి రేకు పెట్టి చూస్తారు. రేకు వణికితే గాలి కారుతున్నట్టు. రజాక్ అన్న ఇంటి దగ్గర వణికింది. ఆయన తన గడప తానే పోసుకున్నాడు. సిగ్గుతో మొహం ఎర్రబడింది పాపం.

ఆ ముక్కలోనూ గడప నడుమ కంతలు, వాటి చుట్టూ ఎర్ర మరక.

రాయిలోనే లోపం ఉందేమోనని పంచాయతీలో అనుకుంటున్నారట, అంటే పరీక్షించిన నాలో లోపమని. టైటానియం ఎక్కువున్న గని నుంచి తెచ్చారు కాబట్టి ఇలా అయిందని ఒకాయన తేల్చేశాడు. పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఈ గదిలో ఆ సామెత చెల్లదు, ఏ రాయో తెలియాల్సిందే. గని రాళ్లన్నీ మళ్లీ తీసి చూశాను. తడి లేదు, కంత లేదు, మచ్చ లేదు. కొలిమిలో నీళ్లు గానీ చేరాయా అని రజాక్ అన్నను అడిగాను. ఆయనకు కోపం రావాలి. రాలేదు. అచ్చులు విప్పి చూపించాడు, అన్నీ పొడిగా ఉన్నాయి. నాతో ఎవరూ కోపంగా మాట్లాడటం లేదు ఈ మధ్య. అదొక్కటే కొంచెం విసుగ్గా ఉంది.

ఇది త్వరగా తేలాలి. బాలవాడికి కొత్త గది కడుతున్నారు. దాని గడప వచ్చే ఎండ మొదట్లో పోస్తారు. అఖిల ఆ గదిలో కూర్చుంటుంది.

నమోదు 223. ఎండ చివర.
నమూనా: గడప ముక్క, మంత్రసాని భారతమ్మ ఇల్లు.

మూడోది. అదే కథ.

కారే గడపలు ఎవరివని చూస్తే మాది, రజాక్ అన్నది, భారతమ్మది. అఖిలను ఈ లోకంలోకి తెచ్చింది భారతమ్మే. నీళ్ల తొట్టి కావలివాడి గడప ఇనుములా ఉంది. అత్తమ్మతో అంట్లు తోమే వంతు మీద గొడవపడి, అప్పటి నుంచి మొహం చూడని పక్కింటావిడ గడప దగ్గర రేకు కదలనైనా కదల్లేదు. అత్తమ్మతో మాటల్లేని ఇళ్ల గడపలన్నీ గట్టిగా ఉన్నాయి. అత్తమ్మకు ప్రాణమైన వాళ్ల గడపలు కారుతున్నాయి.

రాసింది మళ్లీ చదువుకున్నాను. తప్పు లేదు.

మా ఊరి ఆచారం ఒకటి రాయాలి. తెలియనివాళ్లు లేరు కాబట్టే ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఏ ఇంటికి గడప పోస్తున్నా, అచ్చు మూయకముందు ఊరి పెద్దమనిషిగా అత్తమ్మ వస్తుంది. తన తల్లి భూమి నుంచి తెచ్చిన సగం రోలు ఆమె దగ్గర ఉంది. దాని నుంచి చిన్న పెచ్చు కొట్టి, పొడి చేసి, పసుపు కలిపి అచ్చు నడుమ చల్లుతుంది. పుట్టింటి పొడి అంటారు. ఆడపిల్ల పుట్టింటి నుంచి ఏమీ లేకుండా కొత్త ఇంట్లో అడుగుపెట్టకూడదని, ఊరు కూడా అంతేనని ఆమె అంటుంది. తర్వాత అచ్చు మూస్తారు, పోత గదిలో గాలి తీసేస్తారు, ఆ పొడి మీద కరిగిన రాయి వచ్చి పడుతుంది.

గని రాయిని వందసార్లు పరీక్షించాం. ఆ రోలును ఒక్కసారి కూడా ఈ బల్ల మీదికి ఎవరూ తేలేదు. పుట్టింటివాళ్లను ఎవరు పరీక్షిస్తారు?

నమోదు 224. ఎండ చివర.
నమూనా లేదు.

అన్నం దగ్గర అత్తమ్మను అడిగాను, గడపల్లో ఏమేం వేస్తావని. నేను నోరు తెరిచి ఏదో అడగడమే ఆమెకు సంబరమైంది. తింటున్న కంచం పక్కన పెట్టి, చేయి కడుక్కుని, మూట విప్పి రోలు ముక్కను ఒళ్లో పెట్టుకుంది. నల్లరాయి. మధ్య మధ్య తెల్లటి గింజలు అతుక్కుని ఉన్నాయి. కొన్ని కంటికి కనపడనంత చిన్నవి, కొన్ని గోరంతవి. గింజ లోపల సన్నటి పలుకులు పూరేకుల్లా విప్పుకుని ఉన్నాయి.

“గీ తెల్లయి ముత్యాలు. మా రాతిల్నే కాస్తయ్” అంది. “అందరికీ ఏసేది నల్లపొడే. మనోళ్లకు ముత్యం.”

సాయిలుకు వేశావా అని అడిగాను.

“వానికి ఎయ్యనా మరి? అన్నిట్ల పెద్దది వానికే ఏసిన.” బొటనవేలి గోరు చూపించింది. ఒక ముత్యం తీసి దీపానికి పట్టి, ఇది అఖిల బాలవాడి గడపకని దాచానని చెప్పింది. అఖిల దాన్ని ముట్టుకోబోతే, బడి కట్టినంక నీదే పొమ్మంది.

భూమి మీది బసాల్టూ ఇక్కడి బసాల్టూ అక్కాచెల్లెళ్లే. రెండూ లోపలి రాయి కరిగి పైకి వచ్చినవే, రెండింట్లోనూ ఉండే ఖనిజాలు దాదాపు అవే. అత్తమ్మ వాళ్ల వైపు రాయి ఆరున్నర కోట్ల ఏళ్లది, మా రాయి ముందు పసిపిల్ల. అయితే పెరిగిన ఇళ్లు వేరు. భూమి రాయి మీద వాన కురిసింది. కరిగిన రాయి పారేటప్పుడు పడ్డ బుడగల్లోకి నీళ్లు దిగాయి, ఆ నీళ్లలో తెల్లటి జియోలైట్ పలుకులు పెరిగాయి. పెరిగినవి నీళ్లను తమలోనే దాచుకున్నాయి. చూడటానికి రాయి, కాలిస్తే ఐదో వంతు ఆవిరి. ఈ సంగతి నేను చదువుకునే రోజుల్లో చదివాను. పరీక్షలో రాశాను కూడా.

ఆమె మీద నాకు కోపం రావాలి. వెతికాను, ఏమీ దొరకలేదు. అన్నం తినేసి కంచం కడిగాను.

నమోదు 226. చీకటి.
నమూనా: తెల్ల గింజ నలుసు, అత్తమ్మ మూట విప్పినప్పుడు చాప మీద రాలినది.

చిటికెడు గని రాయి కరిగించి, నలుసు వేసి, గాలి తీశాను. పొంగింది. గడ్డకట్టాక కోశాను. కంతలు, అంచుల్లో ఎర్ర మరక. గాలి ఉన్న చోటైతే పైన బరువుండి ఆవిరి అణిగేది. గాలి లేని పోత గదిలో దాన్ని అణచడానికి ఏముంది, ఉబ్బుతుంది. ఫలితం గడిలో “కారణం తేలింది” అని రాశాను.

రజాక్ అన్నకు చూపించాను. చాలాసేపు పట్టుకుని చూశాడు. బాలవాడి గడపలో ఆ గింజ పడకుండా తాను చూసుకుంటానన్నాడు. మూట పోయిందని చెబుదాం, లేదంటే పంచాయతీ ఆచారాన్ని ఆపేసిందని చెబుదాం, కారణం మాత్రం ఆమె చెవిన వేయొద్దన్నాడు.

“ముసలామె తట్టుకోదు చెల్లె. కొడుకును తన చేత్తోనే సంపుకున్న అనుకుంటది.”

ఆయన మాట నిజమే. కానీ ఆయనకు చెప్పని ఇంకో నిజం ఉంది. నాకు చెప్పాలని ఉంది. చెప్పినప్పుడు ఆమె మొహం ఎలా మారుతుందో చూడాలని ఉంది. సాయిలు పోయాక నాకు కలిగిన కోరిక ఇదొక్కటే, ఇది మంచి కోరిక కాదు. అది నాలో ఉన్నంతసేపు నోరు తెరవకూడదని అనుకున్నాను. చావు కబురు చల్లగా చెప్పడం అందరికీ రాదు, నాకు మాత్రం మరీ చల్లగా వస్తుందేమోనని భయం.

ఆచారం ఆపనక్కర్లేదు, ఒక దారి ఉంది. గింజను ముందే బాగా కాల్చి, నీళ్లన్నీ లాగేసి, తడి తగలకుండా మూసి పెడితే అది వట్టి రాయి. పొంగదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

నమోదు 229. చీకటి.
నమూనా: తెల్ల గింజ, గోరంతది. ఇచ్చినవారు: మొగులమ్మ.

బాలవాడి కాబట్టి గింజను కూడా పరీక్ష చేయాలని చెప్పి అడిగాను. పిల్లల గడప అంటే ఆ మాత్రం చూడాలి అని ఆమే సర్దుకుంది. ఒక్కటి సరిపోతుందో లేదోనని మిగిలిన ముత్యాలన్నీ ఊడగొట్టి తెచ్చింది, మంచిది ఏరుకోమని. ఇచ్చి వెళ్లిపోతుందనుకుంటే, పుట్టింటి రాయిని ఒంటరిగా వదిలి పోనని బల్ల పక్కనే కూర్చుంది. పొమ్మనలేకపోయాను.

అన్నీ కలిపి గాజు గొట్టంలో వేసి ఒక కొసన వేడి పెట్టాను. చల్లగా ఉన్న రెండో కొసన ముందు మసక పట్టింది. తర్వాత చుక్కలు దిగాయి. చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుంటూ కలిసి, చివరకు చెంచాకు కొంచెం తక్కువ నీళ్లయ్యాయి.

ఎక్కడివి ఈ నీళ్లని అడిగింది. రాతిలోవే, భూమి మీద ఎప్పుడో కురిసిన వానవి అని చెప్పాను. ఆమె మొహం విప్పారింది. వాన వాసన ఎట్లుంటుందో తనకు గుర్తుంది, నాకు చెప్పినా అర్థం కాదు అంది. గొట్టాన్ని చేతిలోకి తీసుకుని, మా ఊరి వాన, మా ఊరి వాన అని రెండుసార్లు అనుకుంది.

తర్వాత ఆగింది. రాళ్లు కొట్టే ఇంటి పిల్ల, కొలిమి పక్కన ముసలిదైన మనిషి. ఆమే మెల్లగా అడిగింది.

“కరిగిన రాతిల పడితే ఈ నీళ్లేమైతయ్?”

తెలియదనొచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. ఆమె మొహం చూడాలన్న కోరిక నాలో ఇంకా ఉందా అని చూసుకున్నాను. లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు.

“ఉబ్బుతాయి అత్తమ్మా” అన్నాను.

ఆమె బల్ల చివర చూసింది. మా గడప ముక్క అక్కడే ఉంది, కోసిన వైపు పైకి పెట్టి. దగ్గరికి వెళ్లి కంతల మీద వేలు పెట్టింది. ఒక్కో కంతనూ తడిమింది, పప్పులో రాళ్లు ఏరే మనిషిలా.

“గందుకేనా.”

“అవును.”

ఆమె ఏడవలేదు. కూలబడనూ లేదు. ఇటు తిరిగి, రజాక్ గడపలో వేశాను, భారతమ్మ గడపలో వేశాను, దవాఖానా మందుల గది గడపలో కూడా ఒకటి వేశాను, అది ఇంకా ఎవరూ చూసినట్టు లేరు, పోయి చెప్పు అంది. నేను వెళ్లి దవాఖానాలో చెప్పాను. తిరిగి వచ్చేసరికి గొట్టాన్ని కొంగులో చుట్టి పట్టుకుని కూర్చుని ఉంది.

“ఈ నీళ్లు ఊరియేనా?” అని అడిగింది.

తొట్టిలోవి కావని, రాతిలో వచ్చాయని, ఏ లెక్కలోనూ లేవని చెప్పాను.

“అయితే నావి.”

అవునన్నాను.

“ముందు పిల్ల గడప నిలవాలె. తర్వాత వానికి పోద్దాం.” గొట్టానికి బిరడా పెట్టమని నా చేతికిచ్చింది. పెట్టాను. గొట్టం మీద ఆమె పేరు రాశాను.

నమోదు 234. ఎండ మొదలు.
నమూనా: బాలవాడి గడప, పోత అంచు.

పోతకు ఊరు ఊరంతా వచ్చింది. సంగతి అప్పటికే అందరికీ తెలుసు. దవాఖానా గడప మార్చమని ఎవరు చెప్పారని పంచాయతీలో అడిగితే అత్తమ్మే లేచి, నేనే, కంతలు నా చేతివే అని చెప్పింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. పక్కింటావిడ వచ్చి పక్కన నిలబడింది.

కాల్చి ఆరబెట్టిన పొడిని నేను మూత గట్టిగా బిగించిన డబ్బాలో తీసుకెళ్లాను. ఇది వట్టి రాయే, ఇప్పుడు ఏ భయమూ లేదు, వెయ్యమని అత్తమ్మకు ఇవ్వబోయాను. అచ్చు తెరిచే ఉంది. రజాక్ అన్న ఆగాడు. ఆమె డబ్బా వైపు చూసి, చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

“ఉత్తగనే పొయ్యి కొడుకా” అంది.

రజాక్ అన్న మూశాడు. చెవి ఊళ్లో పుట్టింటి పొడి లేకుండా పోసిన మొదటి గడప ఇదే. చల్లారాక తలుపు దించి, గాలి ఎక్కించి, రేకు పెట్టారు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రేకు కదల్లేదు. అత్తమ్మ నమ్మలేదు, చెంప ఆనించి తానే చూసుకుంది. అఖిల కూడా చూస్తానంటే ఎత్తుకుని చూపించాను. ముక్కలో కంత లేదు, మరక లేదు. పనికొస్తుంది అని రాస్తున్నాను.

నమోదు 235. ఎండ మొదలు.
నమూనా: గడప ముక్క, మూడో వీధి. మా ఇల్లు.

ఈ ముక్కను మళ్లీ పరీక్షించడం కుదరదు. తడిసింది.

అత్తమ్మ చెంబు తెచ్చింది. గొట్టంలోని నీళ్లు చెంబు అడుగును కూడా నింపలేదు. నన్నూ చెంబు పట్టుకోమంది. మగపిల్లలు చేయాల్సిన పని కదా అన్నాను, ఏదో ఒకటి అనాలని. ఇక్కడ పిట్టలే లేవు, ఇగ ఎవరు చేస్తే ఏంది అంది. ఇద్దరం పట్టుకుని వంచాం. ఇక్కడ నీళ్లు నెమ్మదిగా పడతాయి. పడే చుక్కను దారి పొడవునా చూడొచ్చు. గడప మీద పడి, కాసేపు నిలబడి, ఒక్కో కంతలోకి దిగాయి.

“తాగు బిడ్డా” అంది ఆమె.

నాకు ఏడుపు వచ్చింది. రాయిని పక్కకు జరపాలన్న ధ్యాస కూడా లేకుండా దాని మీద తల పెట్టి ఏడ్చాను. సాయిలు లేడని ఏడ్చాను. అత్తమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యే చేసిందని ఇద్దరికీ తెలుసు, అయినా తియ్యలేదు. తియ్యాలని నాకూ అనిపించలేదు.

గోడలు తడి పీల్చే చప్పుడు మెల్లగా మొదలైంది. ఆ నీళ్లు ఆరి, గోడల్లోంచి తొట్టికే పోతాయి. నేరం అవునో కాదో కావలివాడిని అడగలేదు. తొట్టిలో సాయిలు నీళ్లున్నాయి. అవీ ఇవీ కలుస్తాయని అత్తమ్మకు చెప్పాను. తెలుసు అన్నట్టు తల ఊపింది.

మర్నాడు పొద్దున ఆమె తొట్టి నీళ్లతో చాయ్ పెట్టి ఇచ్చింది. మొదటి గుక్క గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.